గిన్నెలు తోమిన ఇసుక

మా దేవుడి గూటి పక్కన గోడకి ఒక పన్ను ఫొటో ఉండేది. అద్దం, చట్రం కట్టించిన పెద్ద ఫొటో. ఇంటికొచ్చినవాళ్ళు వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుని, ఆ ఊపులోనే దానికీ చేతులు జోడించబోయి ఆగిపోయి, "ఇదేటండీ, ఏ కొండా?" అని అడిగేవారు. "కొండ కాదండీ, పన్ను. నేను కనిపెట్టిన పన్ను" అని చెప్పడం నాకెంత ఇష్టమో! వాళ్ళ చేతిలో టీ చల్లారిపోయేదాకా చెప్పేదాన్ని. ఆరేళ్ళు చెప్పేను. ఇప్పుడు గోడకి మేకు ఒక్కటే ఉంది. ఫొటో మంచం కింద బోర్లా పడుంది. అది అక్కడికి ఎలా పోయిందో చెప్తాను గానీ, నా కోపం ఇంకా ఆరలేదు. మధ్యలో నోరు జారితే ఏమీ అనుకోకండి.

మా వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. అలా అనుకోవడమే గానీ నేను అక్కడ పట్టుమని పదిహేను రోజులు ఉన్నది లేదు. మా తాత బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో పనికొచ్చేడు. మా నాన్న ఇక్కడే పుట్టి, ఇక్కడే రిటైరయ్యేడు. నన్నూ రైల్వేలోనే ఇచ్చేరు. మా ఆయన గూడ్సు గార్డు. ఎప్పుడు డ్యూటీకి వెళ్తాడో, ఎప్పుడు తిరిగొస్తాడో ఆయనకే తెలిసేది కాదు, నాకేటి తెలుస్తుంది? అమ్మాయి పెళ్ళై రాయ్‌పూర్ వెళ్ళిపోయేక క్వార్టర్‌లో నేనూ, పెరట్లో జామచెట్టూ, రోజంతా ధారగా పోసే కుళాయీ మిగిలేం. చదువా, ఎనిమిదో క్లాసుతో ఆగిపోయింది. "వంట తప్ప నీకేటి వచ్చు?" అని మా ఆయన సరదాకే అనేవాడు. నేను మాత్రం ప్రతిసారీ ఉడుక్కునేదాన్ని. జవాబు ఉంటే కదా చెప్పడానికి.

మేడమ్ మా ఇంటికి వచ్చింది ఆ కుళాయి కోసమే. ఆమె ఊళ్ళో కాలేజీలో రాళ్ళ చదువు చెప్పే టీచరు. తెలంగాణా మనిషి, నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. తెలిపారా అనే పేటలో అద్దెకుండేది. ఆ ఇంట్లో పొద్దున్న ఓ గంట నీళ్ళొస్తే గొప్ప. మట్టి కడగడానికి నీళ్ళూ, ఆరబెట్టడానికి పెరడూ ఉన్న ఇల్లు కావాలని తెలుగు సంఘంలో ఎవరినో అడిగితే మా క్వార్టర్ చూపించేరట. ఆమె గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి నేను గుమ్మంలో కూర్చుని ఆవకాయకి తెచ్చిన ఆవాల్లో రాళ్ళు ఏరుతున్నాను.

"ఆవాలల్ల రాళ్ళు ఏరుతున్నవా అక్కా? అద్దాలు లేకుండ?" అంది, పేరూ ఊరూ చెప్పకుండానే.

"ఏరకపోతే పంటికింద పడవేటి?" అన్నాను.

ఆమె నా పక్కనే నేలమీద కూర్చుంది. నేను ఏరి పక్కన పెట్టిన నలుసుల్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది. "అక్కా, నీ కండ్లు బంగారం" అంది. అప్పటికి నాకు యాభై దాటేయి. నా పులిహోరని మెచ్చుకున్నవాళ్ళున్నారు, నా ఆవకాయని జాడీలతో పట్టుకెళ్ళినవాళ్ళున్నారు. నా కళ్ళని మెచ్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అక్కడికక్కడే పడిపోయేను ఆ మాటకి.

ఆమెకి కావలసింది ఏటంటే, మట్టిలోంచి పళ్ళు ఏరడం. అమర్‌కంటక్ కొండలు దాటి దిండోరి వైపు వెళ్తే నేలంతా నల్లరాయి. మన పట్టాల కింద పరిచే కంకర లాంటి నల్లరాయే. ఒకప్పుడు అదంతా నిప్పులా కాలుతూ భూమిలోంచి పొంగి, పారి, చల్లారి గట్టిపడిందట. ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఒకసారి పొంగినదానికీ ఇంకోసారి పొంగేదానికీ మధ్య చాలా ఏళ్ళు ఖాళీ. ఆ ఖాళీలో గుంటల్లో నీళ్ళు చేరేవి. చెట్టూ చేమా మొలిచేవి. చేపలు, కప్పలు, మొసళ్ళు వచ్చేవి. రాక్షసబల్లులు వచ్చి నీళ్ళు తాగేవి. వాటి కాళ్ళ సందుల్లో చిట్టెలుకంత జంతువులు, పిల్లలకి పాలిచ్చే జంతువులు, పురుగుల్ని ఏరుకు తింటూ తిరిగేవి. తర్వాత మళ్ళీ నిప్పు పొంగి అన్నిటినీ కప్పేసేది. ఆ గుంట అడుగున ఉన్న మట్టి రెండు నల్లరాళ్ళ మధ్య పలచటి బూడిదరంగు పొరగా మిగిలిపోయింది.

"ఆరున్నర కోట్ల ఏండ్ల కిందటి ముచ్చట అక్కా" అంది.

నాకు ఆ అంకె బుర్రకెక్కలేదు గానీ సంగతి ఎక్కింది. "అంటే రెండు రైలుబళ్ళ మధ్య గేటు తీసినట్టన్నమాట. ఆ కాసేపట్లో దాటినవాళ్ళు దాటేరు, మిగతావాళ్ళు ఆగిపోయేరు" అన్నాను. ఆమె పకపకా నవ్వి, ఆ మాట రేపు క్లాసులో చెప్తానంది.

రాక్షసబల్లులు పోయేయి, ఆ చిట్టి ప్రాణులు మిగిలేయి. ఏనుగూ, ఆవూ, మనమూ అందరం వాటి తర్వాత వచ్చినవాళ్ళమేనట. అయితే అంత చిన్న ఎముకలు మట్టిలో నిలవవు, పన్ను ఒక్కటే నిలుస్తుంది. ఆవగింజంత పన్ను. ఆ పొర మట్టిలో ఆ పన్ను ఉందో లేదో తేల్చడం ఆమె పని. ఉంటే అక్కడ ఆ జంతువు బతికినట్టు, లేకపోతే లేనట్టు. నాకు అది ఎంత నచ్చేసిందో చెప్పలేను. అందరి కాళ్ళకిందా తిరిగి, ఎవరి కంటా పడకుండా, చివరికి మిగిలింది ఆ చిట్టిది! దాన్ని చూడకుండా చచ్చిపోకూడదు అనుకున్నాను.

గోనెసంచుల్లో మట్టి వచ్చేది. రాళ్ళలా గట్టిపడిన గడ్డలు. ముందు వాటిని ఎండలో బాగా ఎండబెట్టాలి. తర్వాత కిరసనాయిల్లో నానబెట్టి, ఆ నూనె వంపేసి, నీళ్ళలో వదిలితే గడ్డ దానంతటదే మెత్తగా విడిపోతుంది. దాన్ని సన్నజల్లెడలో పోసి కుళాయి కింద పెడితే బురద పోయి అడుగున గుప్పెడు ఇసుక మిగులుతుంది. ఆ ఇసుకని ఆరబెట్టి, స్టీలు పళ్ళెంలో చారెడు చారెడు పరిచి, మేడమ్ ఇచ్చిన మైక్రోస్కోపు కింద చూస్తూ, తడి చేసిన సన్న కుంచె కొసతో ఒక్కొక్క నలుసూ ఎత్తి హోమియో మందుల సీసాలో వెయ్యాలి. చేప పళ్ళకి ఒక సీసా, మొసలి పళ్ళకి ఒక సీసా. మూడో సీసా ఆ చిట్టి ప్రాణికి. అది నాలుగు నెలలు ఖాళీగా ఉంది.

"రైల్వే కుళాయి, రైల్వే పెరడు, ఇంకేం, రైల్వే గార్డు పెళ్ళాం మట్టి కడుగుతోంది" అని మా ఆయన వెటకారం చేసేవాడు. చేసుకోనీ! నాకు ఆ పనిలో ఉన్న సుఖం ఎందులోనూ లేదు. ఒకరోజు మేడమ్‌తో "నన్ను అక్కా అంటున్నారు కదా, నేను మీరు మీరు అంటుంటే నోరు తిరగట్లేదు" అన్నాను. "నువ్వు అను అక్కా, గంతే" అంది. ఆ రోజు నుంచి నువ్వు అన్నాను. సొంత చెల్లెలు లేదు నాకు. వారానికోసారి వచ్చి నా చేతి పప్పుచారు తిని, సీసాలు పట్టుకెళ్ళేది. "నువ్వు ఇచ్చినదాంట్ల చెత్త ఉండదు అక్కా" అని ప్రతిసారీ అనేది. అనుమానం ఉన్నవి కూడా సీసాలో వెయ్యమని మొదట్లో ఒకసారి చెప్పింది, నిజమే. కానీ చెత్త ఉండదన్న మాట విన్నాక అనుమానం ఉన్నవి వెయ్యబుద్ధవుతుందేటి ఎవరికైనా?

నాలుగో నెలలో ఆమె ఒక చిన్న డబ్బా తెచ్చింది. అందులో కడిగి ఆరబెట్టేసిన ఇసుక. "ఇది నేనే కడిగిన అక్కా. నిదానంగ చూడు" అంది. నాకు ఏ అనుమానమూ రాలేదు. ఎందుకొస్తుంది? రెండోరోజు మధ్యాహ్నం మూడో పళ్ళెంలో అది కనబడింది. గోధుమరంగు, నిగనిగలాడుతూ. పైన మిట్టలు మెలికలు తిరిగి, రెండు కొండలు పక్కపక్కన ఉన్నట్టు. చేప పన్ను కాదు, మొసలి పన్ను కాదు. కుంచె చేతిలోంచి జారి పళ్ళెంలో పడిపోయింది. "ఓలమ్మా! ఓలమ్మా!" అని ఒక్కదాన్నీ అరిచేను. పక్క క్వార్టర్ ఆవిడ నాకేదో అయిందని పరిగెత్తుకొచ్చింది.

ఇంటికి తాళం కూడా వెయ్యకుండా ఆటో ఎక్కి తెలిపారా వెళ్ళేను. సీసా గుప్పిట్లో పట్టుకుని. మేడమ్ దాన్ని తన మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు తల ఎత్తలేదు. నేను ఆమె వీపుకేసి చూస్తూ నిలబడ్డాను. చివరికి తల ఎత్తి, "అక్కా, నీ కండ్లు బంగారం" అంది. నేను ఆమెని పట్టుకుని ఏడ్చేసేను. ఇప్పుడు గుర్తు చేసుకుంటే తెలుస్తోంది, ఆమె పన్ను గురించి ఒక్క ముక్క అనలేదు. నా కళ్ళ గురించే అంది.

వచ్చేటప్పుడు రెండు కిలోల జిలేబీ కొనుక్కొచ్చి మా క్వార్టర్ల వరసంతా పంచేను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, పన్ను చూపించమని అడిగి, అది మేడమ్ దగ్గర ఉండిపోయిందని విని, "అచ్ఛా" అని, కాసేపు నాకేసి చూసి, "వంట తప్ప నీకేటి వచ్చు అన్నాను కదా, తప్పయిపోయింది" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆయన నోట తప్పయిపోయింది అన్న మాట అదే మొదలు. నేను మేడమ్‌ని బతిమాలి దాని ఫొటో పెద్దది చేయించుకున్నాను. ఉగాదికి తెలుగు సంఘంవాళ్ళు వేదిక మీదకి పిలిచి శాలువా కప్పేరు. మైకులో ఆయనెవరో "రాక్షసబల్లుల కాలంనాటి పన్ను కనిపెట్టిన మన రైల్వే ఆడపడుచు" అంటే చప్పట్లు మోగిపోయేయి. ముందు వరసలో కూర్చుని మేడమ్ కూడా కొట్టింది. ఆ చప్పట్లు నేను ఇంకా మర్చిపోలేదు.

తర్వాత మూడేళ్ళు మట్టి కడిగేను. ఎన్ని సంచులో నాకు తెలీదు. ఇప్పుడు నాకు పన్ను ఎలా ఉంటుందో తెలుసు కదా! ఫొటో ఎదురుగా గోడకి ఉంది కదా! పళ్ళెంలో ప్రతి నలుసునీ దానితో పోల్చి చూసేదాన్ని. మెలికలు తిరిగిన రెండు కొండలు ఉన్నాయా? లేవు. అయితే తీసెయ్. మూడు మొనల ముక్కలు, నల్లగా, వెనక చిన్న గుంటతో, అప్పుడప్పుడు కనబడేవి. ఏదో ముల్లు విరిగి రాయైపోయిందనుకునేదాన్ని. చెత్త పంపకూడదు కదా, పరువు కదా! మూడో సీసాలో ఆ తర్వాత ఒక్కటీ పడలేదు.

మిగిలిన ఇసుకని ఏం చేసేనంటారా? పారేస్తే పాపమనిపించింది. కడిగి కడిగి మెత్తటి గరుకుతో ముత్యాల్లా ఉండే ఇసుక. ఇనప మూకుడికి పట్టిన జిడ్డు చింతపండుకీ పోదు, దీనికి పోయేది. ఇత్తడి దీపపు కుందులు రెండుసార్లు రుద్దితే బంగారంలా మెరిసేవి. మేడమ్‌ని అడిగితే "వాడుకో అక్కా, నువ్వు చూసినవ్ అంటే అండ్ల ఏం లేనట్టే" అంది. దీపావళి ముందు మా వరసలో ఆడవాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని వచ్చి తలో చారెడు పట్టుకెళ్ళేవారు.

మూడేళ్ళయ్యేక మేడమ్ సంచులు తేవడం ఆపేసింది. ఆ పొరలో పాలిచ్చే జంతువుల ఆనవాళ్ళు లేవని రాసేసేనంది. "అదేటి, నా పన్ను ఉంది కదా?" అన్నాను. "ఒక్క పన్నుతో లెక్క కాదు అక్కా, ఇంకా దొరకాలె" అంది. సరే, చదువుకున్న మనిషి, ఆమెకి తెలుసు అనుకున్నాను. ఒక్కటైనా నాదే కదా అని లోపల గర్వం. మా ఆయన రిటైరయ్యేక క్వార్టర్ ఖాళీ చేసి లాల్‌ఖదాన్‌లో కట్టుకున్న రెండు గదుల ఇంటికి వచ్చేసేం. ఫొటో వచ్చింది, మైక్రోస్కోపు వచ్చింది, గిన్నెలు తోముకోడానికి ఇసుక డబ్బా ఒకటి వచ్చింది.

కిందటి వానాకాలం వంటింట్లో ఒకటే కంపు. ఎలుకబోను పెడితే చుంచెలుక పడింది. పొద్దున్న చూసేసరికి చచ్చి ఉంది. మా ఆయన దాన్ని పెరట్లో గోడవార పడేసేడు. నాలుగైదు రోజుల్లో చీమలు దాన్ని తినేసి పుర్రె శుభ్రం చేసి పెట్టేయి. బట్టలు ఆరేస్తూ చూసేను. చిన్న దవడ, దానికి వరసగా చిన్న పళ్ళు. అలవాటు పడ్డ కళ్ళు ఊరుకుంటాయేటి? నవ్వుకుంటూనే లోపలికి తెచ్చి కడిగి మైక్రోస్కోపు కింద పెట్టేను.

మెలికలు తిరిగిన రెండు కొండలు. పక్కపక్కన.

తల ఎత్తి గోడకేసి చూసేను. మళ్ళీ లోపలికి చూసేను. ఇది తెల్లగా ఉంది, ఫొటోలోది గోధుమరంగు. అదొక్కటే తేడా. రంగు వేరు కదా అని వారం రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ కాలంలో కూడా ఇలాంటివే ఉండేవేమో అనుకున్నాను. అన్నం తింటుంటే గుర్తొచ్చేది. దేవుడికి దీపం పెడుతుంటే పక్కనుంచి ఆ ఫొటో నన్నే చూస్తున్నట్టుండేది. ఇక లాభం లేదని ఫొటో మేకు నుంచి తీసి, దవడ హోమియో సీసాలో వేసుకుని, కుదుదండ్ వెళ్ళేను. మేడమ్ అప్పటికి అక్కడ సొంత ఫ్లాటు కొనుక్కుంది.

ఆమె నన్ను చూసి "అక్కా!" అని సంబరంగా వచ్చింది. నేను బల్లమీద ఫొటో పెట్టేను, పక్కన సీసా పెట్టేను. ఆమె సీసా ఎత్తి వెలుగుకేసి పట్టి చూసింది. మొహంలో రక్తం లేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది, అయినా ఆమె నోటితో వినాలని కూర్చున్నాను.

"పరీక్ష అక్కా" అంది చివరికి. "కొత్తగ ఏరేటోళ్ళకు అందరికీ పెడ్తం. తెలిసిన పన్ను ఒకటి ఇసుకల కలిపి ఇస్తం. దొరికిచ్చుకుంటే కండ్లు మంచివి, ఇగ వాళ్ళు చూసిన ఇసుక మళ్ల చూసే పని లేదు. నాకు అసలుది ఎక్కడిది? చుంచెలుక పన్ను చాయ్ డికాషన్‌ల రెండు దినాలు నానబెట్టిన."

"టీలో?"

"రంగు కోసం."

"మరి చెప్పలేదేం?"

"ఆరోజే చెప్దామనుకున్న. నువ్వు పట్టుకొని ఏడ్చినవ్. తెల్లారి చెప్దామంటే వాడంత జిలేబీ పంచిన అన్నవ్. తర్వాత శాలువ..."

"శాలువా కప్పుతుంటే చప్పట్లు కొట్టేవు కదే!" అన్నాను. అంత గట్టిగా నేను ఎవరిమీదా అరవలేదు, మా ఆయన మీద కూడా. "పరీక్ష పెట్టు, తప్పు లేదు. నెగ్గేక చెప్పాలా వద్దా? ఆరేళ్ళు! ఇంటికొచ్చిన ప్రతివాడికీ చుంచెలుక పన్ను చూపించి చెప్పేను! చెల్లెలివనుకున్నాను. నా పప్పుచారు తింటూ, ఎదురుగా ఆ ఫొటో చూస్తూ, ముద్ద ఎలా దిగింది నీకు?"

ఆమె ఏడుస్తోంది. ఏడవనీ అనుకున్నాను. "ఆ పన్నేదీ? అదైనా ఇవ్వు" అన్నాను. తల దించుకుంది. తర్వాత ఏరడానికి వచ్చిన పిల్లలకి అదే వేస్తూ వచ్చిందట. ఎవరి పళ్ళెంలోనో పోయిందట. నా పన్ను! ఎంతమంది పళ్ళేల్లో తిరిగిందో, ఎంతమంది దాన్ని చూసి సంబరపడ్డారో. వాళ్ళకైతే అదే రోజు చెప్పేసేదట.

ఇంకా ఒకటి మిగిలింది. లేవబోతూ, ఉక్రోషం కొద్దీ అన్నాను: "దాన్నే చూసుకుని మూడేళ్ళు ఏరేను. అలా లేనిదాన్నల్లా తీసి పారేసేను."

ఆమె కళ్ళు తుడుచుకోవడం ఆపేసింది. "ఎట్ల ఉన్నవి తీసేసినవ్ అక్కా?"

"నల్లగా. మూడు మొనలు, వెనక చిన్న గుంట. ముళ్ళ ముక్కలు."

ఆమె చాలా మెల్లగా, "అవే అక్కా" అంది. "మనం ఎతికింది అవే." నాకేసి వంగి, "ఆ ఇసుక ఏడున్నది?" అంది.

"గిన్నెలు తోమేను" అన్నాను.

ఆ రోజు ఇంటికి ఎలా వచ్చేనో నాకు తెలీదు. ఆరున్నర కోట్ల ఏళ్ళు ఆ పళ్ళు నిప్పుకి ఆగేయి, రాయికి ఆగేయి, నా ఇనప మూకుడుకి ఆగలేదు. చూడకుండా చచ్చిపోకూడదు అనుకున్నదాన్ని, నేనే దాన్ని పట్టుకుని జిడ్డు వదలగొట్టేను, వరసలో అందరికీ చారెడు చారెడు పంచేను. తప్పు నాది కాదని చెప్పను. అనుమానం ఉన్నవి వెయ్యమని చెప్పింది, పరువు కోసం వెయ్యలేదు. కానీ నాకు పన్ను అంటే ఇదీ అని చూపించింది ఎవరు? నేను చూసేను అంటే ఇక అందులో ఏం లేనట్టే అన్నది ఎవరు? నమ్మినవాళ్ళు చేస్తే దాన్ని ద్రోహం అంటారు, ఇంకో మాట లేదు. ఫొటో మంచం కిందకి తోసేసేను. మా ఆయనకి చెప్పేను, ఎప్పుడూ వెటకారమాడే మనిషికి. ఆ రాత్రి గిన్నెలు ఆయనే తోమేడు. సబ్బుతో.

ఆ సబ్బు చూసేకే గుర్తొచ్చింది, సింకు కింద డబ్బా. అడుగున ఇంకా నాలుగు గుప్పిళ్ళ ఇసుక ఉంది. మర్నాడు ఎండలో ఆరబెట్టి, పళ్ళెంలో పరిచి, మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. గోడకి ఫొటో లేదు. దేనితోనూ పోల్చలేదు. రోజుకి రెండు పళ్ళేలు, తొందరపడకుండా, మెడ పట్టేసేదాకా. పదకొండో రోజు కనబడింది. నల్లటిది, నిగనిగలాడుతూ. మూడు మొనలు, వెనక చిన్న గుంట. ఒక మొన చివర విరిగి ఉంది. నేను రుద్దినప్పుడే విరిగిందేమో. ఈసారి అరవలేదు. కుంచె చేతిలోంచి జారలేదు. నా కళ్ళని నమ్మొచ్చో లేదో నాకే తెలీలేదు. మూడు రోజులు దాన్ని కుంకుమభరిణిలో పెట్టుకుని, నాలుగో రోజు మేడమ్‌కి ఫోన్ చేసేను. ఇంకెవరికి చేస్తాను? బిలాస్‌పూర్‌లో చెప్పగలిగింది ఆమె ఒక్కర్తే.

గంటలో వచ్చేసింది. చెప్పులు గుమ్మం బయట ఒకటి అటూ ఒకటి ఇటూ వదిలేసి, మైక్రోస్కోపు మీద వంగింది. నేను ఆమె వీపుకేసి చూస్తూ నిలబడ్డాను, తెలిపారాలో నిలబడ్డట్టే. చాలాసేపయ్యేక తల ఎత్తింది. కళ్ళనిండా నీళ్ళు.

"అక్కా" అంది, "నీ కండ్లు బంగారం."

"కళ్ళ సంగతి ఎవరడిగేరు మేడమ్?" అన్నాను. "పన్ను సంగతి చెప్పండి మీరు."

మీరు అన్నందుకు ఆమె మొహం ఎలా అయిపోయిందో చూసేను, చూసి ఊరుకున్నాను. "నిజంది అక్కా" అంది. "దీనికోసమే కదా మనం... ఆ పొరల ఉన్నది అక్కా. నేను తప్పు రాసిన. నువ్వు దొరకపట్టినవ్. ఒట్టు, నా పిల్లల మీద ఒట్టు, నేను వేసింది ఒక్కటే. ఇది నాది కాదు."

ఆ మాట కోసం ఆరేళ్ళు బతికేను. ఆమె వెళ్ళేక తలుపు గడియ వేసుకుని, పన్నుని కుంచెతో ఎత్తి అరచేతిలో పెట్టుకున్నాను. తర్వాత అరచెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసేను, టీ వాసన వస్తుందేమోనని.